నాన్న నోరెత్తకూడని ఉపన్యాసం

ఆ శనివారానికి యారెట్సీ వేసుకున్న పథకం చిన్నదే. మదేరా ఊళ్ళోని తమ ఇంటి ముందుగదిలో ఎనిమిది మంది పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, కెమెరా ముందు వాళ్ళను ఒప్పించే ఉపన్యాసం చెప్పి, ఆ వీడియో టీచరుకు పంపాలి. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో ఆమెకు మిగిలింది ఈ ఉపన్యాసాల క్లాసు ఒక్కటే. నలుగురిలో నోరు పెగలని పిల్ల కావడంతో దాన్ని చివరిదాకా వాయిదా వేస్తూ వచ్చింది. ఇది పాసైతేనే సముద్రపు ఒడ్డునున్న విశ్వవిద్యాలయంలో సీటు ఖాయం.

ఆ సీటు సంగతి తండ్రి ఒరాసియోకి తెలియదు. కూతురు పక్క ఊరి విశ్వవిద్యాలయానికి మారి, రాత్రికి ఇంటికొచ్చి భోంచేస్తుందని ఆయన ధీమా. బాదం తోటలో మేస్త్రీ. ఎదుటివాళ్ళను మాట పూర్తి చేయనిచ్చే రకం కాదు. అయితే ఉపన్యాసం మధ్యలో శ్రోతలు నోరెత్తకూడదని క్లాసు నియమం. నాన్నకు ఈ వార్త చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదని యారెట్సీ అనుకుంది.

మనుషులను పోగుచేసే పని తల్లి మారిసేలా తన ఆడపడుచు చాయోకి అప్పజెప్పింది.

"అందరి ముందూ వాళ్ళ నాన్నకి ఏదో చెప్పాలంట వదినా."

"అందరూ అంటే?"

"పెద్దవాళ్ళుంటే చాలంది."

చాయోకి అంతా అర్థమైపోయింది. పక్కింటి ఎఫ్రాయిన్ రోజూ యారెట్సీని తన బండిలో కాలేజీకి తీసుకెళ్తున్నాడు. ఇక పెద్దల ముందు చెప్పుకోవాల్సిన మాట ఇంకేముంటుంది? వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆ శుభవార్త చెప్పి, ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పింది.

శనివారం పొద్దున్నే ఇల్లు కిక్కిరిసింది. ఒకరు మొక్కజొన్న పిండితో వండిన తమాలీల గిన్నె తెచ్చారు, ఇంకొకరు వాయించడానికి అకార్డియన్ తెచ్చారు. ఎఫ్రాయిన్ తల్లిదండ్రులు చర్చికి వెళ్ళే బట్టల్లో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ మధ్య టై బిగించుకుని కూర్చున్న ఎఫ్రాయిన్‌కి తనెందుకు వచ్చాడో తెలియదు. చాయో తెచ్చిన కేకు మీద రెండు పేర్లున్నాయి. ఎవరో ఒరాసియో చెవిన కూడా వేసినట్టున్నారు, ఆయన గడ్డం గీసుకుని వచ్చి బిగుసుకు కూర్చున్నాడు. అంతమందిని చూసిన యారెట్సీ తన మొదటి వాక్యాన్నే వల్లెవేసుకుంటూ, కేకు వైపు చూడనే లేదు.

కెమెరా మీట నొక్కి, "పిల్లలు ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళాలో ఈరోజు మీకు చెబుతాను," అని మొదలుపెట్టింది.

"అప్పుడేనా?" అంటూ ఎఫ్రాయిన్ తల్లి కళ్ళొత్తుకుంది.

"కాపురం ఎక్కడ పెడతారు?" అన్నాడు ఒరాసియో.

"కాపురమేంటి నాన్నా? చదువుకోడానికి. సముద్రం పక్క యూనివర్సిటీలో సీటొచ్చింది. నువ్వు మాట్లాడకూడదు, రికార్డవుతోంది."

"నా ఇంట్లో నేను మాట్లాడకూడదా? అరగంట దూరంలో యూనివర్సిటీ పెట్టుకుని నాలుగ్గంటలు పోతావా?"

"నేను చదివేది సముద్రంలో బతికే జీవాల గురించి. ఇక్కడ సముద్రమేది?"

"కాలవుందిగా."

అక్కడితో గది రెండు పక్షాలైంది. పిల్లను పంపమని సగం మంది, పంపొద్దని సగం మంది అందుకున్నారు. నోరు పెగలదనుకున్న పిల్ల అందరికీ ఆగకుండా జవాబు చెప్పింది.

"నిన్ను మొదటిసారి సముద్రానికి తీసుకెళ్ళింది నేనే," అన్నాడు ఒరాసియో చివరికి. "బుద్ధి గడ్డి తిని." అది కోపం కాదు, ఆ పిల్ల లేని ఇంటిని తలుచుకుంటే పుట్టిన బెంగ. "సరే, వెళ్ళు. ఆదివారాలు రాకపోతే నేనే వచ్చి నీ గదిలో కూర్చుంటా."

చాయో కేకు మీద ఎఫ్రాయిన్ పేరును కత్తితో గీకేసింది. ఆ గీకిన ముక్క ఎఫ్రాయినే తిన్నాడు.

ఉపన్యాసం ఏడు నిమిషాలు దాటకూడదట. యారెట్సీ పంపింది ముప్పావు గంట, అందులో ఎక్కువ భాగం ఒరాసియోదే. మళ్ళీ చెయ్యమని టీచరు తిప్పి పంపింది. మరుసటి శనివారం అదే జనం అవే కుర్చీల్లో కూర్చున్నారు. ఒరాసియో ఒక్క మాట మాట్లాడలేదు. మొదటి వాక్యం నుంచే తలూపుతూ కూర్చున్నాడు.

టీచరు పాస్ మార్కు మాత్రం ఇచ్చి ఊరుకుంది. శ్రోతలు ముందే ఒప్పుకున్నట్టు కనిపిస్తున్నారు కాబట్టి ఎవరినీ ఒప్పించినట్టు కాదని కింద రాసింది. అయినా సీటుకు ఆ మార్కు సరిపోతుంది.

ఒరాసియోకి మాత్రం అది నచ్చలేదు. "మంచి మార్కు కావాలంటే చెప్పమ్మా, మళ్ళీ వద్దంటాను," అన్నాడు.