కడుపునొప్పి మహాభాగ్యం

పాఠకులారా, ఆడపిల్లకు నెలనెలా ప్రాణం తోడేసే కడుపునొప్పి రావడం ఒక వరం! స్వానుభవంతో చెబుతున్నాను. హైస్కూల్లో దక్కిన వరం, ఉద్యోగంలో చేరినా నన్ను వదల్లేదు.

ఎంత ఉచిత వైద్యమనుకున్నారు! నేను ముడుచుకుని పడుకోవడం ఆలస్యం, ఇంటినిండా డాక్టర్లే. "అందరికీ ఉండేదే" అనేది అమ్మ. "ఈ కాలం పిల్లలకు ఓర్పేదీ?" అనేది పెద్దమ్మ. "పెళ్లయితే అదే పోతుంది" అని పక్కింటి పిన్నిగారు. మొగుణ్ణి మాత్రలా మింగాలో, పూతమందులా రాసుకోవాలో మాత్రం ఆవిడ చెప్పలేదు!

పరీక్షలనాడు నొప్పొస్తే లెక్కల మాస్టారు నాకు నటశిరోమణి బిరుదిచ్చారు. పేరొచ్చాక నిలబెట్టుకోవద్దూ? నొప్పి లేనట్టు నటించడం నేర్చుకున్నాను.

ఓరోజు నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో ఓ ముసలాయనకు ఫ్రేములు చూపిస్తున్నాను. కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టయింది. కౌంటర్ వెనక కూలబడ్డాను.

"ఏమైందమ్మా?" అన్నాడు ఓనరు.

"స్క్రూ పడింది సార్, వెతుకుతున్నా."

పాపం, ఓనరుతోపాటు కళ్లజోడు లేని ఆ ముసలాయన కూడా నేలమీద వంగి వెతకడం మొదలెట్టాడు! నాకు నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి ఇంకా మెలిపెట్టింది. లేవలేకపోయాను. ఓనరు నా మొహం చూసి, "స్క్రూ పోతే పోయింది, ముందు ఆసుపత్రికి పద" అన్నాడు.

ఓనరు ఫోన్ చేస్తే అమ్మ కూడా ఆసుపత్రికి వచ్చింది. "నొప్పి ఎలా ఉంటుందో చెప్పు" అంది డాక్టరమ్మ. అంతవరకూ ఎవరూ అడగలేదేమో, మాటకు బదులు ఏడుపొచ్చింది. స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు. అయినా ఆవిడ వదల్లేదు. చిన్న గాట్లు పెట్టి కెమెరాతో లోపల చూసింది. గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట అతుక్కుని పెరుగుతోందట. ఎండోమెట్రియోసిస్! తీయగలిగినంత తీసి మందులు రాసింది. మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేదు.

ఇక నా వైభవం చూడాలి! పెద్దమ్మ పళ్లబుట్టతో ఆసుపత్రికి వచ్చింది. "ఇంత జబ్బుంటే ముందే చెప్పొద్దుటే?" అని పిన్నిగారు నన్నే కోప్పడింది. నొప్పికి లేని గౌరవం నోరు తిరగని పేరుకు దక్కింది మరి!

వాళ్లు వెళ్లాక అమ్మ నా మంచం పక్కన కూర్చుంది. చాలాసేపు నా దుప్పటి అంచు సర్దుతూనే ఉంది.

"డాక్టరమ్మ నిన్ను అడిగినవన్నీ... నాకూ ఉండేవే" అంది మెల్లగా.

"మరి నీకెప్పుడు తగ్గిందమ్మా?"

"తగ్గిందని ఎవరన్నారు?"

తల తిప్పి చూశాను. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరుంది.

"మేడమ్, కాస్త ఇటు రండి" అని కేకేశాను. "ఇక్కడ ఇంకో పేషెంటుంది."