నీడకు నో అబ్జెక్షన్

చెట్లను కొట్టేయాలి!

కంగారుపడకండి, పూర్తిగా వినండి. ఏ చెట్టు పడితే ఆ చెట్టు కొట్టేయమని నేననడం లేదు. ముళ్లకంపల జోలికి, పిచ్చిమొక్కల జోలికి అసలు పోవద్దు. నగరపాలక సంస్థ వారు నంబరు వేసి, రేకు కొట్టి, 'రక్షిత వృక్షము' అని రాసిపెట్టిన చెట్లున్నాయి చూశారూ, వాటిని మాత్రమే కొట్టేయాలి. అదీ పద్ధతిగా, అనుమతి తీసుకుని కొట్టేయాలి. అనుమతి లేకుండా కొడితే నేరం. అనుమతితో కొడితే అభివృద్ధి. గొడ్డలి అదే, దెబ్బ అదే. మధ్యలో ఒక్క రబ్బరుస్టాంపే తేడా!

అయినా చెట్టు మనకేం ఒరగబెట్టిందండీ? ఏడాది పొడుగునా ఆకులు రాలుస్తుంది, ఊడ్చుకోలేక చస్తాం. కొత్త కారు నీడన పెడితే పిట్టలు దాని మీద అభిప్రాయాలు వెలిబుచ్చుతాయి. ఆ పిట్టలు మాత్రం? తాతల నాటి నుంచి అద్దె లేకుండా కాపురాలు! చెట్టు కొట్టేస్తే అవీ నాలుగిళ్లు చూసుకుంటాయి, లోకజ్ఞానం వస్తుంది. ఇక మనుషుల సంగతి. నీడపట్టున కూర్చుంటే బద్ధకం. ఎండలో నిలబడితే డి విటమిన్. డాక్టర్లు చీటీ రాసి ఇచ్చేదాన్ని నగరపాలక సంస్థ నెత్తిన పోస్తుంటే కాదంటామా?

చెట్టుకు మనిషికి పోలికేమిటని కొందరంటారు. నిజమే, మనం వేరు. చెట్టుకు ఉన్నదే వేరు! పచ్చదనం తగ్గిపోతోందని గుండెలు బాదుకునేవారికి కూడా ఒక మాట. ప్రతి ఫైలుకూ పచ్చజెండా ఊపుతున్నారే, ఆ పచ్చదనం మీ కళ్లకు ఆనదా?

ఈ జ్ఞానోదయం నాకు బోధివృక్షం కింద కాలేదు. మా బావ కూర్చునే చెట్టు కింద అయింది. దాన్ని కొట్టేశాక అయింది.

మా బావ ప్లీడరు. చెట్టుకింద ప్లీడరు. లోకంలో ఆ మాటకు కేసుల్లేని ప్లీడరని అర్థం. మా బావకు మాత్రం అది అడ్రసు. కోర్టు గేటుకు ఎదురుగా, ఖాళీ స్థలం గోడ పక్కన ఒక నిద్రగన్నేరు. గొడుగు పట్టినట్టు రోడ్డు సగం దాకా కమ్ముకుని ఉండేది. దాని కింద మడత టేబులు, రెండు కుర్చీలు, ఒక కాలికి ఇటుక పెట్టిన బెంచీ. మొదలుకు కొట్టిన మేకు మీద బావగారి నల్లకోటు. పేరు తప్పు పడ్డవాళ్లు, అద్దె తగాదాలవాళ్లు, అఫిడవిట్టు కావలసినవాళ్లు ఎవరినీ దారి అడగనక్కరలేకుండా నేరుగా వచ్చి ఆ బెంచీ మీద కూలబడేవారు.

ఒకప్పుడు గౌరవంగా ఉంటుందని మూడో అంతస్తులో గది తీసుకున్నాడు. సగం మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి కక్షిదారులిద్దరూ అక్కడే రాజీ పడిపోయేవారు. గది ఖాళీ చేసి మళ్లీ చెట్టు కిందికే వచ్చాడు. చల్లటి నీడలో కూర్చోబెడితే తగాదా నిదానంగా సాగుతుందని ఆయన సిద్ధాంతం. సాయంత్రం కాగానే నిద్రగన్నేరు ఆకులు ముడిచేది. అది ఆకులు ముడిస్తే బావ కాగితాలు ముడిచేవాడు.

ఒకరోజు ఆ చెట్టుకే మేకు కొట్టి నోటీసు తగిలించారు. ఖాళీ స్థలంలో 'నీడనెస్ట్ టవర్స్' అనే బహుళ అంతస్తుల భవనం రాబోతోందట. అందుకు అడ్డుగా ఉన్న సదరు రక్షిత వృక్షాన్ని తొలగించడానికి అనుమతి కోరారట. అభ్యంతరాలుంటే తెలపాలట. నీడనెస్ట్ రావాలంటే ముందు నీడ పోవాలి. లాజిక్ లేదని ఎవరనగలరు?

నోటీసు చదివిన బావ ఆ పూట ఒక అఫిడవిట్టులో భర్త పేరుండవలసిన చోట చెట్టు నంబరు రాశాడు. ఇంటికి వచ్చి చల్లగా మా అక్కయ్య చెవిన వేశాడు.

"ఆ చెట్టు కొట్టేస్తారటే."

"అయ్యో, మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"ఎక్కడేమిటి? ఇంట్లోనే. ఈ వరండాలో టేబులు వేసుకుంటా. గంటకోసారి కాఫీ కూడా నీ చేతిదే తాగొచ్చు."

మా అక్కయ్యకు ప్రకృతి మీద ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

"చూడండీ, మీరు పొద్దున వెళ్లి సాయంత్రం వస్తున్నారు కాబట్టే మన కాపురం ఇన్నాళ్లూ పచ్చగా ఉంది. చెట్టుకేమైనా అయిందో, నేనూరుకోను. ఏం రాస్తారో, ఎవరికి రాస్తారో నాకు తెలీదు. కొట్టొద్దని రాయండి, అంతే!"

'కొట్టొద్దు' అన్న ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది. కానీ మా బావ ప్లీడరు. కొట్టొద్దు అన్నది వంటింటి మాట. ఆఫీసుకు రాసేటప్పుడు మాటకు కోటు తొడగాలి. పక్క టేబులు టైపిస్టమ్మను పిలిచి, కళ్లు మూసుకుని, చెయ్యి గాలిలో తిప్పుతూ చెప్పాడు: "సదరు వృక్షమును నరుకుట మానుకొనుటకు తగు ఉత్తర్వులు దయచేయించ ప్రార్థన."

టైపిస్టమ్మ చకచకా కొట్టింది. కాగితం అంచు దగ్గర చోటు చాలక 'మాను' పైవరుసలో ఉండిపోయింది. 'కొనుటకు' కిందివరుసలోకి దిగిపోయింది. బావ చదువుకుని, తన భాషకు తనే మురిసి, సంతకం చేశాడు.

తర్వాత చెట్ల ఆఫీసరుగారి గదిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ప్రజలు ఒక్కరే వచ్చారు, మా బావ. ఎదురుగా ఆఫీసరు, పక్కన బిల్డరు తాలూకు ఇంజినీరు.

"రండి రండి ప్లీడరుగారూ!" ఆఫీసరు లేచి కుర్చీ చూపించాడు. "పేటకొకరు మీలాంటివారుంటే మాకింత తలనొప్పి ఉండేది కాదండీ. మీ అర్జీకి ఒప్పేసుకున్నాం."

బావ కుర్చీలో కూలబడ్డాడు. ఇంత తేలికా? "ఒప్పుకున్నారా!"

"ఒప్పుకోక! రెండు కోరికలకూ ఓకే."

"రెండా? నేను కోరింది ఒకటేనే."

"భలేవారే, మీరేగా రాశారు. నరుకుట, అది ఒకటి. మాను కొనుటకు, అది రెండు. నరకడానికి శాంక్షన్. నరికాక మాను మీకే శాంక్షన్. ఈ బాబు కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చేస్తామంటున్నారు, మోయించే బాధ తప్పుతుందని."

"చాలా థాంక్సండీ," అన్నాడు ఇంజినీరు వినయంగా.

బావ కుర్చీలోంచి లేచిపోయాడు. "మాను కొనుట కాదయ్యా, మానుకొనుట! మానేయడం!"

"ఏం మానేయాలండీ?"

"నరకడం!"

"అలాగని ఎక్కడుంది?"

"ఇదిగో, ఇక్కడే. ఈ రెండూ కలిపి చదవండి."

ఆఫీసరు కాగితాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు. "కలిపే అధికారం నాకు లేదు ప్లీడరుగారూ. పైవరుసలో ఉన్నది పైన, కిందివరుసలో ఉన్నది కింద. ఆఫీసన్నాక ఆ మాత్రం తేడా ఉండాలిగా! అభ్యంతరాలు లేవని రాసేసి ఫైలు పైకి పంపించేశాం కూడా."

సంధులు, సమాసాలు, సెక్షన్లు అన్నీ ఒకేసారి గొంతుకడ్డం పడ్డాయి బావకు. ఆఖరికి బయటికొచ్చింది మామూలు మాటే.

"ఆ చెట్టు పోతే నేనెక్కడ కూర్చోవాలండీ?"

ఆఫీసరు నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో. ఈ ముక్క అర్జీలో రాయలేదేమండీ?"

అయితే మన నగరపాలక సంస్థకు మనసు లేదనకండి. ఒక చెట్టు కొడితే పది మొక్కలు నాటాలని ఉత్తర్వులోనే షరతు పెట్టారు. నాటారు కూడా, ఊరి చివర లారీలు తిరిగే రోడ్డు మధ్యలో. నాటినవి మొక్కలు, నాటిన తీరు మొక్కుబడి. నాటడం ఎక్కడ ఆగిందో, నాటకం ఎక్కడ మొదలైందో ఆ మొక్కలకు కూడా తెలియదు.

చెట్టు కొట్టిన రోజు బావ కోర్టు గేటు దగ్గర నిలబడ్డాడు, కోటు చేతి మీద వేసుకుని. దాన్ని తగిలించే మేకు ఇక లేదు. రంపం పొద్దుటి నుంచి కోస్తూనే ఉంది. పొద్దు వాలే వేళకు చెట్టు పడింది. రోడ్డంతా పరుచుకున్న కొమ్మల మీద ఆకులు మెల్లగా ముడుచుకున్నాయి. అవి ఇంకా మామూలు సాయంత్రమనే అనుకున్నాయి. బావ కాసేపు చూసి, ముక్కు చీదుకుని, దుమ్మని చెప్పాడు.

మర్నాడు మాను ఇంటికొచ్చింది. క్రేన్ తెచ్చి సరిగ్గా గేటుకు అడ్డంగా దించారు. మా అక్కయ్య బయటికొచ్చి మానునూ, మొగుడినీ మార్చి మార్చి చూసింది.

"ఇంకో మొద్దు దేనికండీ? ఉన్న మొద్దు చాలదనా?"

పాలవాడు మాను దాటలేక అక్కడి నుంచే పాలపొట్లం విసిరాడు. ఎదురింటాయన స్కూటరు తీయలేక ఆఫీసుకు సెలవు పెట్టాడు. వారం తిరక్కుండా అదే నగరపాలక సంస్థ నుంచి, వీధికి అడ్డంగా మొద్దు వేసినందుకు బావకు నోటీసు! ఈసారి ఆయన భాష జోలికి పోలేదు. 'బాబ్బాబు, దీన్ని తీసేయండి' అని రాశాడు. జవాబు వచ్చింది. సదరు మొద్దుకు రక్షిత వృక్షపు రేకు కొట్టి ఉన్నందున, తగు కమిటీ పరిశీలించి అనుమతించే వరకు దానిని కదిలించరాదు!

చూశారా పాఠకులారా రక్షణ అంటే? బతికున్న చెట్టును తొలగించడానికి అనుమతి ఇట్టే వచ్చింది. చచ్చిన మొద్దును తొలగించడానికి ఇంకా రాలేదు. చెట్టుకు దొరకనిది మొద్దుకు దొరికింది. మొద్దులకు పదవీ భద్రత ఎక్కువని పెద్దలు ఊరికే అన్నారా?

ఇక మిగిలింది బావ బతుకుతెరువు. గొడుగు పాతితే గాలికి ఎగిరి కోర్టులోకి పోయింది, కేసు లేకుండానే. టేబులు ఎండలో వేస్తే స్టాంపుప్యాడ్ ఎండిపోయింది. వచ్చినవాళ్లు "మళ్లీ వస్తామండీ" అని ఎటు నీడ ఉంటే అటు పోయారు. వరండాలో టేబులు వేస్తే అక్కయ్య దాని మీద కందిపప్పు ఎండబెట్టింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక కోర్టు చుట్టూ తిరిగే ప్లీడరును మీరెప్పుడైనా చూశారా? కక్షిదారులు తిరగాల్సిన చోట ఆయన తిరిగాడు.

అలా తిరుగుతూ ఒకరోజు నీడనెస్ట్ వారి సేల్స్ ఆఫీసులోకి వెళ్లాడు. లోపల ఏసీ. గోడ మీద రాబోయే భవనం బొమ్మ, దాని ముందు ఎంత చెట్టు! కింద బెంచీ కూడా వేశారు. సేల్స్ అమ్మాయి చల్లటి మంచినీళ్లిచ్చింది.

"ఏమ్మా, ఈ చెట్టు ఎక్కడ వస్తుంది?"

"అదా అంకుల్? అది ఎక్కడా రాదు. ఆర్టిస్టు ఊహ. ఫీల్ కోసం వేస్తాం."

"ఆ ఊహ కింద ఒక కుర్చీ వేసుకోవచ్చా అమ్మా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. బావ నవ్వలేదు. ఆయన నిజంగానే అడిగాడు.

నిజంగానే వేశాడు కూడా! నిద్రగన్నేరు ఉన్న చోటే ఆ బొమ్మను ఆకాశమంత బోర్డు మీద ముద్రించి నిలబెట్టారు. పొద్దుటి పూట దాని నీడ కాలిబాట మీద పడుతుందని బావ కనిపెట్టాడు. ఇప్పుడు టేబులు అక్కడే. ఇద్దరు ముగ్గురు పాత కక్షిదారులు తిరిగి వచ్చారు. కాకపోతే మధ్యాహ్నం దాటితే నీడ గోడ లోపలికి పోతుంది. లోపలి నీడ కొనుక్కున్నవారిది. బావ సగం రోజు ప్లీడరు.

నిన్న నేను ఆయన్ని చూడ్డానికి వెళ్లి బోర్డుకు ఆనుకుని నిలబడ్డాను. ఎక్కడి నుంచో వాచ్‌మన్ ఈల వేసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సార్ సార్! ఆనుకోకండి. గీతలు పడితే నన్నంటారు."

"ఏమిటయ్యా, నువ్విక్కడ స్థలానికి కాపలానా?"

"స్థలానికి వేరే మనిషున్నాడు సార్. నేను చెట్టుకి. దుమ్ము పడితే రోజూ ఆకులు తుడవాలి. ఎవరైనా చెయ్యి వేస్తే ఫోను చెయ్యాలి, వెంటనే వస్తారు."

విన్నారుగా! మన ఊళ్లో చెట్టును కాపాడే నాథుడే లేడని ఇకమీదట ఎవరూ నోరు పారేసుకోకండి. మీ వీధిలో ఇంకా చెట్టంటూ ఏదైనా మిగిలి ఉంటే, అర్జీలూ గిర్జీలూ పెట్టి దాని ప్రాణం మీదికి తేకండి. ఈ రోజే మంచి వెలుతురు చూసి, ఎదుట నిలబడి, దానికి ఒక ఫోటో తీయించండి.