ఒంటి సంచీతో ప్రపంచయాత్ర

తారకేశ్వరరావు మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినడం, సంచీ భుజాన వేసుకోవడం, పలాస స్టేషన్లో విశాఖ రైలెక్కడం, అక్కడ విమానమెక్కి మలేసియాలో దిగడం. ఆ తరువాత ప్రపంచం. ఆరు నెలలో, ఎనిమిది నెలలో, ఓపిక ఉన్నన్ని దేశాలు. పథకంలో కష్టమైన భాగం ఒక్కటే. ఈ సంగతి వీధిలో ఎవరికీ తెలియకూడదు.

ఎందుకంటే ఉద్దానం మనుషులున్న చోట ప్రయాణమంటే ఒక మనిషి వెళ్ళడం కాదు. వెళ్ళే చోట మనవాళ్ళెవరో ఉంటారు. ఉన్నారు కాబట్టి వాళ్ళకు ఏదో ఒకటి పంపాలి. వెళ్ళేవాడు ఎలాగూ వెళ్తున్నాడు కాబట్టి పట్టుకెళ్ళాలి. మాస్టారు కంటి పరీక్షకు విశాఖ వెళ్ళినప్పుడు పనసపండు మోశారు. కాశీ వెళ్ళినప్పుడు, గంగలో మునగడానికి ముందే, ఎవరి మేనల్లుడికో ప్రెషర్ కుక్కర్ అప్పజెప్పారు. టెక్కలి హైస్కూల్లో ఉద్యోగమున్నంత కాలం గ్లోబు తిప్పి పిల్లలకు దేశాలు చూపించిన మనిషికి, ఆ దేశాలను చేతులూపుకుంటూ చూడాలన్నది ఒక్కటే మిగిలిన కోరిక. రిటైరయ్యాక కూర్చుని, సమస్తం ఒక్క సంచీలో పట్టేలా సాధన చేశారు. విమానం టికెట్టూ అలాంటిదే తీసుకున్నారు. చేతిసంచీ ఒక్కటి, అంతే. రెండో సంచీ కనిపిస్తే ఎక్కనివ్వరు.

"ఒంటరిగా తిరిగితేనే మనిషికి తానెవరో తెలుస్తుందట," అన్నారు ఇడ్లీ తుంచుతూ.

"మీరెవరో నన్నడిగితే చెప్పేదాన్ని కదండీ. దానికింత దూరం ఎందుకు?" అంది కళ్యాణి చట్నీ వేస్తూ.

దేశాలు చూసే సరదా ఆవిడకు లేదు. కొన్నాళ్ళపాటు టీవీ రిమోటు తన చేతిలో ఉంటుందన్న ఆలోచనే ఆవిడకు ప్రపంచయాత్ర. అయినా ఒక షరతు పెట్టింది.

"పొట్లాలు పట్టుకెళ్ళడం, మానేయడం మీ ఇష్టం. కానీ ఎవర్నీ మొహమ్మీద కాదనకండి. మీరు హాయిగా వెళ్ళిపోతారు. రేపు పొద్దున్న ఈ గుమ్మంలో ముగ్గేసేదాన్ని నేను. వీధి వీధంతా నాతో మాట్లాడ్డం మానేస్తే, ఏ దేశం నుంచి వచ్చి మాట్లాడతారు మీరు?"

మాస్టారు ఒప్పుకున్నారు. పొట్లం పట్టకూడదు, కాదనకూడదు. ఎవరికీ తెలియకపోతే రెండూ సులువే.

సరిగ్గా అప్పుడే బొడ్డమ్మ చేపల గంపతో గుమ్మంలోకి వచ్చింది. రోజూ అక్కుపల్లి నుంచి ఆటోలో వచ్చి ఈ వీధుల్లో అమ్ముకునే మనిషి.

"ఇవాళ సగమే ఇయ్యి బొడ్డమ్మా. ఇంట్లో నేనొక్కదాన్నే," అంది కళ్యాణి. అనేశాక నాలుక కరుచుకుంది.

"ఒక్కదానివేటమ్మా? మాస్టారేటయినారు?" బొడ్డమ్మ గంప దించి లోపలికి తొంగి చూసింది. "ఓలమ్మ, బూట్లు! ఏ దేశమెల్తన్నారేటి మాస్టారూ?"

"దేశమని ఎవరు చెప్పారు?"

"సెప్పులేసుకుంటే ఊరు. బూట్లేసుకుంటే దేశం. ఆ మాత్రం తెల్దేటి?"

బొడ్డమ్మ కొడుకు కొండబాబు మలేసియాలో వెల్డరన్నది వీధికంతటికీ తెలుసు. గంపలో ఒక మూలన ఎండు నెత్తళ్ళ పొట్లం కూడా ఉంది. మాస్టారు ఆ పొట్లాన్ని చూశారు, భార్యను చూశారు, బుర్రలో గ్లోబును కాస్త తిప్పారు.

"సింగపూర్," అన్నారు.

బొడ్డమ్మ మొహం చిన్నబోయింది. "సింగపూరా? ఇంకొంచెం ఇటేపు దిగితే మా గుంటడుండీవాడు కదా," అనుకుంటూ గంపెత్తుకుని పోయింది.

"చూశావా? కాదనలేదు. భూగోళాన్ని కాస్త జరిపానంతే," అన్నారు మాస్టారు గర్వంగా.

ఆ గర్వం ఒక ఇడ్లీ సేపు నిలిచింది. రెండోది తుంచేలోగా పక్కింటి అప్పలనరసమ్మ, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పనసపండును చంకనెత్తుకుని వచ్చింది.

"అన్నయ్యా, సింగపూరెల్తా మాటైనా సెప్పకూడదేటి? మా అల్లుడు అక్కడే కదా, ఓడల రేవులో! మా లావణ్య వట్టి మనిషి కూడా కాదు. పనస తొన తినాలనుందమ్మా అని నిన్ననే ఫోన్లో ఒకటే ఏడుపు."

గర్భిణి కోరికను కాదనడం కంటే దేశాన్ని మార్చడం తేలికనిపించింది మాస్టారికి. "అయ్యో తల్లీ! సింగపూర్ రద్దయిపోయింది. ఇప్పుడే ఫోనొచ్చింది. ఖతార్ వెళ్తున్నాను."

"ఖతారా?" అప్పలనరసమ్మ కాసేపు బాధపడి, పండును అరుగు మీదే ఉంచింది. "మళ్ళీ మారితే మారతాది. ఉండనీ అన్నయ్యా." ఆ వెంటనే, ఖతార్ సంగతి మనసులో దాచుకోవడం పాపమన్నట్టు, ఎదురింటి వైపు తిరిగి గొంతెత్తింది. "ఓలే భవానీ! మీ తమ్ముడుండేది ఖతారే కదేటి?"

భవాని జీడిపప్పు ఫ్యాక్టరీకి బయలుదేరబోతున్నదల్లా ఆగి, పప్పు పొట్లాలూ ఆవకాయ డబ్బా పట్టుకుని వచ్చేసింది. "బాబాయ్, బరువేటీ ఉండదు. ఒక సేత్తో పట్టుకెళ్ళిపోవచ్చు," అంది రెండు చేతులతోనూ మోస్తూ.

మాస్టారు చమట తుడుచుకున్నారు. మన మనిషి కాలు పెట్టని దేశం కోసం ఉద్యోగకాలం నాటి పాఠాలన్నీ గుర్తు చేసుకున్నారు. "ఖతార్ కూడా కాదమ్మా. అక్కడ ఎండలెక్కువని మానుకున్నాను. ఐస్‌లాండ్ వెళ్తున్నాను. అక్కడ మంచు తప్ప మనుషులుండరు."

భవాని నొసలు చిట్లించి ఆలోచించింది. "ఉన్నాడు కదా బాబాయ్? బొడ్డమ్మ ఆడబిడ్డ మనవడు. అక్కడే చేపల ఫ్యాక్టరీలో ఉన్నాడని సెప్పింది."

కళ్యాణి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "ప్రపంచాన్ని తరవాత చూద్దురు గానీ, ముందు ఈ వీధి దాటండి," అంది చిన్నగా.

భవాని అప్పటికే ఫోన్ చేసేసింది. వీధి చివరి దాకా వెళ్ళిన బొడ్డమ్మ గంపతో సహా వెనక్కి వచ్చి, నెత్తళ్ళ పొట్లం పనసపండు మీద పెట్టింది. "మంచులో ఉంటన్న గుంటడు మాస్టారూ. ఎండు చేప తింటే ఒంట్లో ఏడి పుడతాది."

ముగ్గురు ఆడవాళ్ళూ అరుగు మీద కూర్చున్నారు. కూర్చున్నాక పోల్చి చూసుకున్నారు.

"నాకు సింగపూరన్నారు," అంది బొడ్డమ్మ.

"నాకు ఖతారన్నారు," అంది అప్పలనరసమ్మ.

"నాతో ఐస్‌లాండన్నారు," అంది భవాని.

ఇంకో మాస్టారైతే అబద్ధమాడుతున్నారని అనుకునేవారే. కానీ తారకేశ్వరరావుగారు అబద్ధమాడతారన్న ఊహే ఎవరికీ రాదు. కాబట్టి మూడూ నిజమే అయి ఉండాలి. ఉద్దానం మనిషి పని కోసం విదేశం వెళ్తాడు, వెళ్ళినవాడు ఒక దేశానికే వెళ్తాడు. సరదాగా చూసి రావడానికి వెళ్ళినవాడిని ఎవరూ ఎరగరు. చూడ్డానికైతే సముద్రం వాకిట్లోనే ఉంది. ఒకే మనిషి అన్ని దేశాలూ తిరుగుతున్నాడంటే వాళ్ళకు తెలిసిన వృత్తి ఒక్కటే.

"ఇంకేటమ్మా," అంది బొడ్డమ్మ, సొంత మనిషికి ఉద్యోగమొచ్చినంత సంబరంగా. "మన మాస్టారు ఏజెంటయిపోనారు!"

కుర్రాళ్ళను విదేశాలకు పంపే ఏజెంటు దొరికాడన్న మాట వజ్రపుకొత్తూరు దాకా వెళ్ళి రావడానికి ఎంతసేపు పట్టిందో గానీ, మాస్టారు బూట్ల తాళ్ళు కట్టుకుని లేచేసరికి వీధి నిండా మోటారు సైకిళ్ళున్నాయి. ప్రతి బండి మీదా ఇద్దరు, ప్రతి చేతిలో ఒక పాస్‌పోర్టు. ముందున్న ఢిల్లీబాబు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"సార్, నాను ఢిల్లీబాబుని. ఐటీఐ ఫిట్టరు. ఏ దేశమైనా పర్లేదు. మంచున్నా తోసీసుకుంటాను."

"నాయనా, నేను ఏజెంటును కాను! ఊరికే చూడ్డానికి వెళ్తున్నాను!"

ఢిల్లీబాబు కన్ను కొట్టాడు. "అలగే సెప్పాలి సార్." వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో అన్నాడు. "ఒరే, మాస్టారు ఊరికే సూడ్డానికెల్తన్నారంట. ఎవులడిగినా అందరూ అదే మాట సెప్పాల. తెలిసిందేట్రా?"

"తెలిసింది!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

"ఏమండీ," లోపలి నుంచి కళ్యాణి అడిగింది, "టీ ఎంతమందికి పెట్టమంటారు?"

మాస్టారికి టీ గొడవ పట్టలేదు. స్టేషన్‌కు రమ్మన్న ఆటో సందు మొదట్లోనే, బండ్ల మధ్య ఇరుక్కుని హారన్ కొడుతోంది. రైలు ఇచ్ఛాపురం దాటేసిందని ఫోన్ చెబుతోంది. ఇన్నేళ్ళ కోరికకూ స్టేషన్‌కూ మధ్య అడ్డంగా ఢిల్లీబాబు నిలబడి, తన బయోడేటా చదివి వినిపిస్తున్నాడు.

అప్పుడు వచ్చింది పోలీసు జీపు. ఈ వీధిలో లైసెన్సు లేని ఏజెంటు పాస్‌పోర్టులు పోగేస్తున్నాడని ఎవరో ఫోన్ చేశారట. జీపులోంచి దిగిన కానిస్టేబుల్ రమణ, జనాన్ని తోసుకుంటూ అరుగు దగ్గరికి వచ్చి, మాస్టారిని చూసి, అటెన్షన్లో నిలబడిపోయాడు. ఒకప్పుడు ఈయన క్లాసులోనే ఆఫ్రికాను ఆస్ట్రేలియా అని చూపించి బెంచీ ఎక్కినవాడు.

"మీరా సార్? ఏటిది?"

మాస్టారు గుమ్మం పక్కకు తీసుకెళ్ళి నిజమంతా చెప్పేశారు. రమణకు నవ్వాగలేదు గానీ యూనిఫాం వేసుకుని నవ్వడం బాగుండదని మీసం దువ్వుకున్నాడు.

"రైలు పోతాది. బేగి ఎక్కండి సార్, జీపులో దింపేస్తాను."

పంతుల మీది గౌరవంతో సంచీ తానే అందుకున్నాడు. పెద్దాయన తూలిపోతారేమోనని మోచెయ్యి పట్టుకున్నాడు. తనకున్న ఒకే ఒక్క గొంతుతో, పోలీసు గొంతుతో, "తప్పుకోండహే!" అని అరిచాడు. మాస్టారు తలొంచుకుని జీపు వెనక ఎక్కారు. టాపు తగలకూడదంటే తలొంచాల్సిందే. రమణ పక్కన కూర్చున్నాడు. జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

వీధికి ఏం కనిపించాలో అదే కనిపించింది.

పాస్‌పోర్టులు జేబుల్లోకి పోయాయి. బళ్ళు ఎటువి అటు పోయాయి. మాస్టారిని ఈ జన్మలో చూడలేదన్నట్టు అందరి కంటే ముందు పోయినవాడు ఢిల్లీబాబు. భవాని జీడిపప్పూ ఆవకాయా అందుకుంది. బొడ్డమ్మ నెత్తళ్ళ పొట్లాన్ని గంపలో వేసుకుంది. అప్పలనరసమ్మ పనసపండును మళ్ళీ చంకనెత్తుకుని, "వదినా, ఈ పరిస్థితుల్లో పండేటికిలే," అంది గొంతు తగ్గించి.

అరెస్టు కాదు, రైల్వే స్టేషన్‌కే వెళ్ళారని చెప్పడానికి కళ్యాణి నోరు తెరిచింది. తెరిచి ఆగింది. ఇప్పుడు నిజం చెబితే ఈ ముగ్గురూ, పొట్లాలూ, ఢిల్లీబాబు బయోడేటా కలిసి ఇంకా కదలని రైలు దగ్గరికి పరిగెడతాయి. కాదనకుండానే ప్రతి పొట్లమూ దాని ఇంటికి అదే తిరిగి వెళ్తోంది. రైలు కదిలాక చెబుదాంలే అనుకుని, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు కనిపించకూడదని. వాళ్ళకు అది ఏడుపులా కనిపించింది.

మిగిలిన చేపలమ్ముకోవడానికి బొడ్డమ్మ ఆటోలో స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి రైలింకా కదల్లేదు. రమణ మాస్టారిని పెట్టెలో కూర్చోబెట్టి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గర కాపలా కాయడం కళ్ళారా చూసింది. ఆవిడకు సర్వం బోధపడింది. కేసు లేకుండా దేశం దాటించేస్తున్నారు. అడిగితే రమణ చల్లగా "మలేసియా" అన్నాడు. బొడ్డమ్మ గంప దించి కొడుక్కి ఫోన్ చేసింది.

ఆ మర్నాడు కళ్యాణికి వీడియో కాల్ వచ్చింది. మాస్టారు ఒక చాప మీద కూర్చున్నారు. చుట్టూ గది నిండా కుర్రాళ్ళు. ఒకడు అట్టముక్కతో విసురుతున్నాడు, ఒకడు పప్పన్నం కలిపి పెడుతున్నాడు.

"విమానాశ్రయంలోనే పట్టేసుకున్నారు కళ్యాణీ," అన్నారాయన నీరసంగా. "డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చారు. నన్నొక్క క్షణం ఒంటరిగా వదలడం లేదు, దిగులు పెట్టుకుంటానట! సింగపూర్ నుంచి ఒకడు, ఖతార్ నుంచి ఒకడు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు గంటగంటకీ ఫోన్లు చేసి ధైర్యం చెబుతున్నారు. నువ్వు ఇవాళే వీధిలో నిజం చెప్పేయ్. నేను చెబితే వీళ్ళు నమ్మడం లేదు. వాళ్ళు వీళ్ళకు చెబితే తప్ప నాకు విడుదల లేదు."

పక్క నుంచి కొండబాబు మొహం తెర మీదికి వచ్చింది. "అమ్మగారూ, మీరేటీ బెంగెట్టుకోకండి. ఎవులి జీవితంలోనైనా పొరపాట్లుంటాయి. కేసు సల్లబడ్డాక మేమే పంపిస్తాం."

భర్త కష్టం చూసి కళ్యాణి మనసు కరిగింది. అప్పటికప్పుడు చెప్పేద్దామని చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చింది. ఎదురుగా అప్పలనరసమ్మ, మూత పెట్టిన స్టీలు గిన్నెతో.

"పనసకాయ కూర వదినా. నువ్వేటి వండుకుంటావు ఇలాంటప్పుడు?" అంది కళ్ళు తుడుచుకుంటూ. వెనకాలే భవాని జీడిపప్పు ఉప్మాతో వస్తోంది. మధ్యాహ్నం చేపల పులుసు తానే పెట్టి తెస్తానని బొడ్డమ్మ కబురు పంపింది.

నిజం చెప్పేయాలని కళ్యాణి అప్పటి నుంచీ రోజూ ఉదయం గట్టిగా అనుకుంటోంది. భోజనాల వేళకు ఆ పట్టుదల కాస్త సడలుతోంది.