ఎర్ర మందు, తెల్ల మందు

ఆ సోమవారం ఊరి దగ్గు సంగతేదో తేల్చేద్దామని డాక్టరు యజ్ఞనారాయణ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. డెబ్బైల చివరి రోజులవి. రాజోలు అవతల గోదావరి లంకల వైపున్న చిన్న ప్రభుత్వాసుపత్రి అతనిది. మంచు పడితే చాలు, అక్కడ ఇంటిల్లిపాదీ దగ్గుతారు. మెడికల్ కాలేజీలో అతనికి చదువు చెప్పిన ప్రొఫెసరు జగన్మోహనరావు గారు ఎర్రదొకటి, తెల్లదొకటి రెండు దగ్గు మందులు పంపించి, ఏది మంచిదో పల్లెటూరి రోగులకు ఇచ్చి చూడమన్నారు. ఇంకా కొన్ని ఆసుపత్రులకూ పంపారట. పని బాగా సాగితే పెద్ద చదువుకు సిఫారసు చేస్తానన్నారు.

పద్ధతి కొత్తది. సగం మందికి ఇదీ, సగం మందికి అదీ ఇచ్చి చివరిదాకా కళ్ళు మూసుకు కూర్చోవడం పాత పద్ధతి. ఇందులో అలా కాదు. మందు తాగి తిరిగొచ్చిన రోగి తగ్గిందంటే, అతని వెనక నిలబడ్డ కొత్త రోగికీ అదే మందు. తగ్గలేదంటే రెండోది. పరీక్ష నడుస్తూండగానే తూకం మంచి మందు వైపు మొగ్గుతుంది. పనికిరాని మందు తక్కువ మంది గొంతులో పడుతుంది. చేను ఎండగొట్టిన విత్తనాన్ని పక్క చేలో కూడా చల్లే రైతెవడుంటాడని యజ్ఞనారాయణ మురిసిపోయాడు. ఈ పద్ధతి కనిపెట్టిన పెద్దమనిషి ఎవరో గాని, గోదావరి జిల్లా మొహం చూసినవాడు మాత్రం కాడు.

మొదటి సీసా ఊళ్ళో పెద్ద రైతు బుచ్చిరాజు గారికి దక్కింది. తెల్ల మందు. వారం తిరక్కుండా ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, ఊపిరాడనంతగా దగ్గి, కండువాతో మూతి తుడుచుకున్నారు. ఎలా ఉందని డాక్టరు అడిగాడు.

"ఆయ్, బాగా తగ్గిందండీ."

"ఇంకా దగ్గుతున్నారు కదండీ?"

"అది నా దగ్గండీ. మీ మందుకేం, దివ్యంగా ఉంది."

ప్రొఫెసరు గారి నిబంధన ప్రకారం రోగి నోటి మాటే లెక్క. కాబట్టి వెనకవాడికీ తెల్ల మందే. వాడూ దగ్గుతూ వచ్చి ఆయ్, తగ్గిందండీ అన్నాడు. ఎదురుగా కూర్చున్న డాక్టరుతో మీ మందు పనిచెయ్యలేదనడం, పెళ్ళివారి పంక్తిలో కూర్చుని పప్పులో ఉప్పు లేదని అరవడంలాంటిది వాళ్ళకి. నెల తిరిగేసరికి తెల్ల మందు ఎదురులేకుండా గెలిచేస్తోంది. ఎర్ర మందు పెట్టెకు కొట్టిన మేకులు కొట్టినట్టే ఉన్నాయి.

యజ్ఞనారాయణకు అనుమానం తగిలి, రోగుల మొహమాటం పోగొట్టమని కాంపౌండరు సాలమోనుకు చెప్పాడు. సాలమోను వరస పొడుగునా నడుస్తూ, తగ్గకపోతే తగ్గలేదనే చెప్పండి, అప్పుడు మీ వెనకవాళ్ళకి ఎర్ర మందు ఇస్తారు అని విడమరిచి చెప్పాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. సాయంత్రానికి ఊళ్ళోకి వెళ్ళింది మాత్రం వేరు: అసలైన మందు ఎర్రది, దాన్ని ఆఫీసర్ల కోసం దాచి మనకి తెల్లనీళ్ళు పోస్తున్నారు అని.

మర్నాడే బుచ్చిరాజు గారు మళ్ళీ వచ్చి, ఏమీ తగ్గలేదండీ, ప్రాణం పోతోందండీ అన్నారు. ఆయన వెనకే సీసా పట్టుకుని భార్య సత్యనారాయణమ్మ గారు నిలబడ్డారు. ఆవిడకి ఎర్ర మందు దక్కింది. నాలుగు రోజులకి ఆవిడ తిరిగొచ్చి, వెనక తోటికోడలుందని చూసుకుని, తగ్గలేదండీ అనేశారు. తోటికోడలికి తెల్లది పోశారు. ఆ రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి.

ఇక అందరూ వెనక్కి తిరిగి చూసుకున్నాకే జవాబు చెప్పడం మొదలెట్టారు. వెనక మేనల్లుడుంటే ఒకలా, గట్టు తగాదా ఉన్నవాడుంటే మరొకలా. ముందున్నవాడి ఇంటికి వెనకవాడు అరటిగెల పంపడం కూడా మొదలైంది. నెలాఖరున లెక్కలు తీసి చూస్తే దగ్గు గురించి ఏమీ తెలియలేదు గాని, ఊళ్ళో ఎవరికెవరికి పడదో పూసగుచ్చినట్టు తెలిసింది.

ఈ గొడవలో చేరనిది సూరమ్మ ఒక్కతే. కొబ్బరి పీచు తీసుకుని బతికే ముసలిది. ఆమెకు చుట్టాలూ లేరు, పగవాళ్ళూ లేరు. తెల్లది తాగి వచ్చి తగ్గలేదంది. ఎర్రది తాగి వచ్చీ తగ్గలేదంది. వచ్చినప్పుడల్లా డాక్టరు ఆమెకీ, వెనకున్నవాళ్ళకీ రెండో మందు రాయడం, ఆమె వెనకవాళ్ళ ఏర్పాట్లన్నీ తలకిందులవడం. ఒకరోజు బుచ్చిరాజు గారు ఉండబట్టలేక ఆమెను పక్కకి పిలిచారు.

"తగ్గిందని ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోయిందే?"

"దగ్గు పోతే అంటానండీ," అంది సూరమ్మ.

ఇంతలో ప్రొఫెసరు గారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. డాక్టరు పరువు ఊరి పరువేనని బుచ్చిరాజు గారు ఇల్లిల్లూ తిరిగి, ఆ రోజుకు తగాదాలు కట్టిపెట్టి అందరూ తగ్గిందనే చెప్పాలని మాట తీసుకున్నారు. అన్నట్టుగానే ఆవేళ ఒక్కొక్కరే వచ్చి, నిండా దగ్గి, ఆయ్ తగ్గిందండీ అని దణ్ణం పెట్టి వెళ్ళారు. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. యజ్ఞనారాయణకు చొక్కా తడిసిపోయింది.

చివర సూరమ్మ వచ్చింది. "తగ్గలేదు బాబూ. ఎర్రదీ తాగేను, తెల్లదీ తాగేను."

అలవాటుగా రెండో సీసా వైపు వెళ్ళిన యజ్ఞనారాయణ చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె మాట విని మందు మార్చాడే గాని, ఆమె మొహం చూడలేదు. దవడలు లోపలికి పోయాయి. ఎన్నాళ్ళనుంచి దగ్గు, సాయంత్రాలు జ్వరం వస్తోందా అని అప్పుడడిగాడు. వర్షాలప్పటినుంచీనట, జ్వరమూ వస్తోందట. కళ్ళె తీయించి, తనే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. క్షయ. లేచి వచ్చి, ఆమెకు మొదటి సూది మందు తన చేత్తోనే వేశాడు. రేపటినుంచి రోజూ రావాలంటే, వస్తానంది.

జీపు దగ్గర ప్రొఫెసరు గారు అడిగారు, రెండింట్లో ఏ మందు మంచిదని తేలిందయ్యా అని. యజ్ఞనారాయణ కళ్ళముందు పెద్ద చదువు కదిలింది.

"నాకు తెలియదండీ. ఇక్కడి లెక్కల్లో ఒక్కటీ నమ్మడానికి లేదండీ."

ప్రొఫెసరు గారు జీపు ఎక్కబోతున్నవారల్లా కాలు కిందపెట్టి, అతని భుజం తట్టారు.

"ఇన్ని ఆసుపత్రులు తిరిగేనయ్యా. ప్రతి డాక్టరూ బ్రహ్మాండంగా సాగుతోందండీ అన్నవాడే. తెలియదన్నవాడివి నువ్వొక్కడివే."

ఆ నెలలోనే కాలేజీ నుంచి ఉత్తర్వు వచ్చింది. నిజం చెప్పినందుకు మెచ్చుకుని, మిగిలిన ఆసుపత్రులన్నిటి లెక్కలూ మొదటినుంచి సరిచూసే పని డాక్టరు యజ్ఞనారాయణకే అప్పజెప్పారు.