చెత్తబుట్ట అక్కర్లేని ఇల్లు

ఇంట్లో నలుగురు డైటింగ్ చేస్తుంటే ఆ ఇంటికి చెత్తబుట్ట అక్కర్లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. మా పక్కింటిని చూసి, బాగా ఆలోచించి అంటున్నాను.

డైటింగంటే నోరు కట్టుకోవడమనీ, వ్యాయామమంటే ఒళ్ళు హూనం చేసుకోవడమనీ మీలో చాలామంది హడలిపోతుంటారు. ఎంత అమాయకులండీ! పద్ధతిగా చేస్తే రెండూ ఎంత హాయో మా పక్కింటివాళ్ళనడగండి.

ఆ ఇంటి అన్నయ్య లెక్కల మాస్టారు. పాలు తాగుతాడు గానీ మీగడ తగలకూడదు. కొడుకు జిమ్ముకు వెళ్తాడు కనుక గుడ్డులో తెల్లసొన తప్ప ముట్టడు. ఆఫీసుకు వెళ్ళే కూతురు కూరలోంచి బంగాళాదుంపల్ని ఏరి ఏరి పళ్ళెం అంచున పేరుస్తుంది. అత్తగారికి, అంటే అన్నయ్య తల్లికి, షుగరు. ఎవరైనా కేకు తెస్తే కంటితో చూసి నిట్టూరుస్తుంది.

మరి మీగడ, పచ్చసొన, దుంపలు, కేకు ఏమైపోవాలి? పారేస్తారా? పాపం కదూ! అందుకే ఆ ఇంట్లో వదిన ఉంది.

"అమ్మా, ఈ పచ్చసొనలు నువ్వు తినేయ్. పారేస్తే మళ్ళీ నువ్వే బాధపడతావు" అంటాడు కొడుకు. "అమ్మాయ్, ఆ కేకు నా కళ్ళ ముందు ఉంచకు. నువ్వే కానిచ్చెయ్" అంటుంది అత్తగారు. వదిన సింకు పక్కన నిలబడి అన్నీ కానిచ్చేసేది. ఆకలేసి కాదు, వేస్టవుతాయని. అందరి పళ్ళేలూ ఖాళీ అయ్యేసరికి ఆవిడ కడుపు నిండిపోయేది. తన భోజనం మాత్రం ఇంకా గిన్నెలోనే ఉండేది. అది మాత్రం వేస్టు కావచ్చా? అదీ తినేది.

వ్యాయామం సంగతి కూడా అంతే శాస్త్రీయం. అన్నయ్య హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తుంటే మంచినీళ్ళు అందించేది ఎవరు? కొడుకు డంబెల్స్ కింద ఊడవడానికి వాటిని ఎత్తి పక్కన పెట్టేది ఎవరు? చెమట పట్టేది వాళ్ళకి, ఆ చెమట బట్టలు ఉతికేది ఈవిడ. పనిని ఇంత చక్కగా పంచుకున్న కుటుంబాన్ని మీరెక్కడైనా చూశారా?

ఈ ఏర్పాటులో ఒక్కటే చిన్న ఇబ్బంది వచ్చింది. అందరూ సన్నబడుతుంటే వదిన లావెక్కింది. మోకాళ్ళు మొరాయించాయి.

మోకాళ్ళు పోతే పోయాయనుకోవచ్చు గానీ, రెండు వీధుల అవతల మూడో అంతస్తులో ఆవిడ అక్క ఉంది. ఉద్యోగాలకు పోయేవాళ్ళ పసిపిల్లల్ని చూసుకోవడం ఆ అక్క పని. వాళ్ళని వదిలి కిందికి రాలేదు. ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు. వదిన పైకి ఎక్కలేదు. కష్టం సుఖం చెప్పుకోవడానికి వదినకు ఉన్నది ఆ అక్క ఒక్కతే. "బరువు తగ్గకపోతే ఇక మెట్ల సంగతి మరిచిపోండి. డైటూ వ్యాయామమూ రెండూ ఉండాలి" అని డాక్టరు తేల్చి చెప్పినప్పుడు వదినకు ముందుగా గుర్తొచ్చింది అక్కే. ఆ రోజు వంటింట్లో కాసేపు ఏడ్చింది.

ఇంట్లో సమావేశం పెట్టారు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇది చిన్న లెక్కోయ్. లోపలికి పోయేది తగ్గాలి, ఖర్చయ్యేది పెరగాలి. అంతే."

"అమ్మకి విల్‌పవర్ లేదు నాన్నా" అన్నాడు కొడుకు, పచ్చసొనల గిన్నె ఆవిడ వైపు జరుపుతూ.

వదిన ఆ గిన్నె వంక చూసింది. కొడుకు వంక చూసింది.

మర్నాడు పొద్దున్నే కూతురి పాత బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"నడకకండీ. డాక్టరు చెప్పాడుగా."

"మరి టిఫినో?"

"ఎవరి డైటు వాళ్ళు చూసుకోండి. మీకు తెలిసినంత నాకేం తెలుసు?"

మొదటిరోజు అక్క బిల్డింగులో మొదటి అంతస్తు దాకా ఎక్కి మెట్ల మీద కూలబడింది. అక్క పైనుంచి తొంగి చూసింది. ఇద్దరూ అక్కణ్ణించే మాట్లాడుకున్నారు. అత్తగారి షుగరు సంగతి బిల్డింగంతా వింది. రోజూ ఇంకాస్త పైకి, ఇంకాస్త పైకి. చివరికి ఒకరోజు ఆయాసపడుతూ అక్క గుమ్మం పట్టుకుంది.

అక్క కుర్చీ లాగి కూర్చోబెట్టి, వేడివేడిగా పళ్ళెంలో వడ్డించింది.

"అందరూ తిన్నారా?" అంది వదిన అలవాటుగా.

"పిల్లలు పాలు తాగి పడుకున్నారు. ఇది నీకేనే. తిను."

ఎవరూ ఏరి పక్కన పెట్టనిది, ఎవరి చెయ్యీ పడనిది! వదిన కూర్చుని నెమ్మదిగా తింది. అక్క మళ్ళీ వడ్డించబోతే పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టి "చాలక్కా" అంది. ఆ మాట అని ఎన్నేళ్ళయిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

ఇక్కడ ఇంట్లోనేమో ఒకటే గగ్గోలు. పచ్చసొనలు ఫ్రిజ్జులో పేరుకుపోయి కంపు కొట్టాయి. మీగడ తియ్యడం చేతకాక అన్నయ్య పాలు అలాగే తాగేశాడు. కేకు ఎవరూ తినకుండానే మాయమైంది, అత్తగారికి మాత్రం ఏ పాపమూ తెలియదు.

కొన్నాళ్ళకి వదిన బరువు తగ్గింది. మాస్టారి ప్యాంటు బిగిసింది. నలుగురూ ఆవిడ చుట్టూ చేరారు.

"ఏం డైటోయ్ అది? మాకూ చెప్పు" అన్నాడు అన్నయ్య.

"డైటేం లేదండీ. ఎవరి గుడ్డు వాళ్ళు మొత్తం తినండి. తినలేకపోతే పారేయండి. నాకు పెట్టకండి."

చూశారా, ఎంత చక్కటి ఏర్పాటు ఎలా మట్టిపాలైందో! ఆ సాయంత్రమే అన్నయ్య బజారుకెళ్ళి మూత ఉన్న కొత్త చెత్తబుట్ట కొనుక్కొచ్చాడు. గోడ మీదుగా చూసి నాకు మనసు కలుక్కుమంది.

పాతది ఇప్పుడు ఎక్కడా ఆగకుండా మూడో అంతస్తు ఎక్కేస్తోంది.