రఘువీర్ పర్మిట్, ఫణి కూత

తెల్లారేసరికి అడవిలో ఉండాలి, తొమ్మిదికల్లా వేటాడిన ఎల్క్ పక్కన నిలబడి దిగిన ఫొటో వాట్సాప్ గ్రూప్‌లో పడాలి. ఆ శనివారం ఇంకా చీకటుండగానే తాముండే ఊరు చాండ్లర్‌లో బయల్దేరేటప్పుడు రఘువీర్ వేసిన ప్లాన్ ఇది. విల్లుతో వేటాడే అతని పర్మిట్‌కి ఆ రోజే ఆఖరు.

ఆ ప్లాన్ వింటుంటేనే ఫణికి కడుపు రగిలిపోయింది. గుర్రమంత ఉండే ఆ మగ జింక కోసం ఆరేళ్ళుగా పర్మిట్ల లాటరీలో పేరు ఇస్తున్నది తను. వీడియోలు చూసి, కూత పెట్టే గొట్టం కొని, ఎల్క్ కూతలన్నీ నేర్చింది తను. ఆఫీసులో పక్క సీటు రఘువీర్ సరదాగా అప్లై చేస్తే మొదటిసారికే తగిలింది. పైగా "పిలవడానికి నువ్వుండాలి మామా" అని వెంటేసుకొచ్చాడు.

అడవి చేరాక ఫణి భార్య రాగిణి ఇడ్లీ డబ్బాతో కారులోనే ఉండిపోయింది. ఫణి పాఠం మొదలుపెట్టాడు.

"సెప్టెంబర్‌లో ఇవి జతకట్టే టైం. తెల్లారాక గంటే ఛాన్స్. నువ్విక్కడ కదలకుండా కూర్చో. నేను వెనకనుంచి ఆడ ఎల్క్‌లా మెల్లగా పిలుస్తా. మగ కూత మాత్రం వద్దు, పోటీకి ఇంకోటొచ్చిందని అది కూసినవైపే పోవచ్చు, తొందరపడితే చెడుతుంది."

"సరే గురువుగారూ," అన్నాడు రఘువీర్ ముఖం ముడుచుకుని.

పొదల వెనక చేరి ఫణి బుద్ధిగా రెండుసార్లు పిలిచాడు. అంతలో గ్రూప్‌లో రఘువీర్ ఫొటో, దాని కింద పొగడ్తలు కళ్ళముందు కనిపించాయి. కుళ్ళు నెత్తికెక్కింది. ఎల్క్ వస్తే తనవైపే రావాలి, వాడికి దక్కకూడదు! గొట్టం ఎత్తి మగ కూత వేశాడు.

వెంటనే జవాబొచ్చింది. ఎల్కే అనుకున్నాడు ఫణి. దాన్ని దూరంగా లాక్కుపోదామని వెనక్కి నడిచి మళ్ళీ కూశాడు. జవాబు ఇంకా దగ్గరైంది. ఫణి వాగు దాటాడు, ఆ కూతా వాగు దాటింది. ఒక బూటు బురదలో ఉండిపోయింది, గొంతు బొంగురుపోయింది. గంట గడిచాక ఎదురుగా పొద కదిలింది.

విల్లు ఎక్కుపెట్టి, మెడలో కొత్త గొట్టంతో రఘువీర్ బయటికొచ్చాడు.

"ఒరేయ్, నేనురా!" అని కేక పెట్టాడు ఫణి. "నీకీ గొట్టం ఎక్కడిది?"

రఘువీర్ విల్లు దించి కూలబడ్డాడు. "కొని బ్యాగులో దాచి తెచ్చా. నెల్నుంచి గ్యారేజ్‌లో దొంగచాటుగా ప్రాక్టీస్ చేస్తున్నా. నువ్వు పిలిస్తే క్రెడిట్ నీకే పోతుంది కదా! ఎల్క్ అంటే ఆఫీసంతా నీ పేరే చెప్తారు. కుళ్ళిపోతున్నా రా. మగ కూత వినగానే నిజం ఎల్కే అనుకుని, నేనే పిలిచి కొడదామని వచ్చేశా."

ఆరేళ్ళ మంట ఒక్కసారిగా చల్లారినట్టయింది ఫణికి. ఆ వెంటనే సిగ్గేసింది. "ఆ కూసింది నేనే. నీకు దక్కకూడదని."

ఇద్దరూ కారు దగ్గరికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. రాగిణి మండిపడుతోంది.

"ఎక్కడ చచ్చారు? రఘువీర్ అన్నయ్య కూర్చోవాల్సిన చోటికే ఎల్క్ వచ్చింది, కారులోంచి చూశా! ఐదు ఆడవాటితో! అటు ఎవరో మగవాళ్ళిద్దరు పోటీలు పడి అరుస్తుంటే కాసేపు విని, తన ఆడవాటిని గబగబా తోలుకుపోయింది."

ఆ పొద్దున అడవిలో అసూయపడ్డ ముగ్గురు మగాళ్ళలో, దానివల్ల బాగుపడ్డది ఆ ఎల్క్ ఒక్కటే.