ఎలుకగారి షరతులు

ఆదివారం పొద్దున పదకొండింటికి ఫోను మోగేసరికి థ్రాసీవులోస్ చేతులు రెండూ మోచేతుల దాకా పాకంలో ఉన్నాయి. ముక్కుతో స్పీకరు నొక్కాడు.

"ఊడింది," అంది అవతల నుంచి అతని భార్య ఎవాంథియా.

"ఏది, కొళాయా?"

"పన్ను. నీ కూతురిది. కింది వరసలో ముందుది. మూడు వారాలుగా ఊగుతోందే, అది."

థ్రాసీవులోస్ కళ్ళు చెమర్చాయి. ఆరేళ్ళ లూకియాకు ఊడిన మొదటి పన్ను అదే. వోలోస్ ఊరి రేవుకి రెండు వీధుల ఇవతల అతనికి తాతల నాటి మిఠాయి కొట్టుంది. శుభవార్త విన్నవాడు ఎదురుగా ఉన్నవాళ్ళ నోరు తీపి చెయ్యకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. కొట్లో నిలబడ్డ పదకొండు మందికీ తలా రెండు బక్లావా మిఠాయి ముక్కలు పంచాడు.

"మా అమ్మాయికి పన్ను ఊడింది, నోరు తీపి చేసుకోండి."

ముక్క కొరికిన ముసలాయన ఒకాయన దవడ పట్టుకుని, "నాకూ ఊడేట్టుందోయ్," అన్నాడు.

మధ్యాహ్నం కొట్టు కట్టేసి, ఎర్ర రిబ్బను చుట్టిన మిఠాయి పెట్టెతో ఇంటికి పరుగెత్తాడు. లూకియా నవ్వితే చిన్న కిటికీ తెరిచినట్టుంది. దిష్టి తగలకుండా కూతురి మీద మూడుసార్లు "ఫ్తూ ఫ్తూ ఫ్తూ" అన్నాడు.

"పరిశుభ్రత పాఠం ఉమ్మితో మొదలుపెట్టావు, బాగుంది," అంది ఎవాంథియా. "ఇప్పుడా పన్ను వెలుతురులో పెట్టి చూడు, థ్రాసో."

ఇంట్లోనూ వీధిలోనూ అతన్ని అందరూ థ్రాసో అనే పిలుస్తారు. పూర్తి పేరు తాతగారిది. సాహసవంతుడని దాని అర్థం. అందుకే కాబోలు పూర్తిగా ఎవరూ పిలవరు.

సాసరులో ఉన్న పన్నుని థ్రాసో కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. బియ్యపుగింజంత పన్ను మీద ఆవగింజంత గోధుమరంగు మచ్చ.

"కాఫీ మరకేమో."

"ఆరేళ్ళ పిల్లకి కాఫీ ఎవరు పోశారు?"

"అయితే మీ అమ్మ పోలిక."

"మా అమ్మకి డెబ్భై మూడేళ్ళు. ఇప్పటికీ అక్రోట్లు పళ్ళతో పగలగొడుతుంది."

లూకియా పుట్టిన నెలలోనే ఆ ఇంట్లో పంపకాలు జరిగిపోయాయి. పిల్ల జుట్టు, గోళ్ళు, చెవులు, టీకాలు, మర్యాదలు తల్లి వాటా. పళ్ళు తండ్రి వాటా. తీపి మీ వైపు నుంచి వస్తోంది కాబట్టి దాని పాపమూ మీ వైపే అని అప్పట్లో ఎవాంథియా తీర్పు. ఆరేళ్ళుగా ఆ శాఖను అతను మంత్రిలాగే చూసుకున్నాడు, దూరం నుంచి, చిరునవ్వుతో.

ఈలోగా లూకియా తనదైన పద్ధతి కనిపెట్టింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది, కొళాయి విప్పుతుంది, బ్రష్షు తడుపుతుంది, రెండు నిమిషాలు పాట పాడుతుంది, బ్రష్షుని మళ్ళీ గ్లాసులో పెట్టేస్తుంది. ఆ బ్రష్షంత శుభ్రమైన బ్రష్షు వోలోస్‌లో ఇంకొకటి లేదు.

"ఊడింది పాలపన్ను కాబట్టి సరిపోయింది," అంది ఎవాంథియా. "వెనకాల వచ్చేది జన్మంతా ఉండాల్సింది. శనివారం దాకా గడువిస్తున్నాను. పిల్ల తనంతట తానే తోముకోవాలి. అరవడాలు లేవు, మిఠాయి లంచాలు లేవు. నీవల్ల కాలేదో, ఆ రోజునుంచి ఈ ఇంట్లోకి మిఠాయి పెట్టె రాదు."

"పండగలకి?"

"పండగలకి ఆపిల్ పళ్ళు కోసుకు తిందాం."

మూడు తరాల మిఠాయివాడు. పండగ పూట ఆపిల్ ముక్క ముందు కూర్చున్నట్టు ఊహించుకుని, తెచ్చిన మిఠాయి పెట్టెని చంకలోకి లాక్కున్నాడు.

ముందు పన్ను సంగతి చూడాలి. ఊడిన పన్నుని ఇంటికప్పు మీదికి విసిరి, ఎలుకా ఎలుకా, ఇది తీసుకుని ఇనుములాంటి పన్ను ఇయ్యి అని అడగడం ఆనవాయితీ. కానీ వీళ్ళుండేది డాబాకి సరిగ్గా కిందున్న మేడమీది ఇంట్లో. డాబా మీద బట్టల తీగలూ పావురాలూ తప్ప ఎలుక లేదు. బాల్కనీ నుంచి చూస్తే మాత్రం పక్కింటి పొలిక్సేని పిన్నిగారి వంటిల్లు, ఎర్రటి పెంకులతో, చక్కగా ఏటవాలుగా కనిపిస్తుంది.

లూకియా కోరిక చెప్పుకుంది. థ్రాసో చెయ్యి వెనక్కి లాగి, జావెలిన్ విసిరేవాడిలా విసిరాడు. పన్ను పెంకు మీద టక్కుమంది, కింది పెంకు మీద టిక్కుమంది, చూరు దాటి మాయమైంది.

"థ్రాసో," అని కింద నుంచి పిన్నిగారి గొంతు వినబడింది. "నా చిక్కుడుగింజల్లో పన్ను పడింది నాయనా. నా కట్టుడు పళ్ళలోదేమోనని నోరంతా తడుముకున్నాను. మీదేనా?"

పిన్నిగారు పన్నుని కాగితం రుమాల్లో చుట్టి, బాల్కనీ నుంచి తాడుతో దించిన బుట్టలో పెట్టి పైకి పంపించింది. లూకియా రుమాలు విప్పి చూసింది.

"ఎలుక వద్దందా నాన్నా?"

సరిగ్గా అప్పుడే థ్రాసో బుర్రలో దీపం వెలిగింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వద్దంది తల్లీ. మచ్చ చూసింది. మచ్చ పళ్ళు ఎలుకలు ముట్టుకోవు, వాటికీ ఒక పద్ధతుంది. ఇవాళ్టినుంచి ఆరు రోజులు మన బాత్రూం కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, ఎవరెలా తోముకుంటున్నారో. నచ్చితే శనివారం ఈ పన్ను తీసుకుని కొత్తది పంపిస్తుంది."

"నచ్చకపోతే?"

"పంపదు."

"నా ఒక్కదాని పళ్ళే చూస్తుందా, ఇంట్లో అందరివీ చూస్తుందా?"

"అందరివీ," అన్నాడు థ్రాసో ధారాళంగా.

ఆ ఒక్క మాటా మింగేసి ఉంటే అతని వారం సుఖంగా గడిచిపోయేది. వెనక నారింజపండు ఒలుస్తున్న ఎవాంథియా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఇంకా నింపాదిగా ఒలవసాగింది.

ఆ సాయంత్రమే లూకియా బాత్రూం తలుపు తెరిచిపెట్టి, కిటికీ వైపు తిరిగి, చెవుల దాకా నురగ వచ్చేలా తోముకుంది. సోమవారం పొద్దునా, సాయంత్రమూ తోముకుంది. మంగళవారం బడికెళ్ళే ముందు రెండుసార్లు తోముకుంది, మొదటిసారి ఎలుక అటు తిరిగి ఉందేమోనని.

థ్రాసోని పట్టడానికి పగ్గాలు లేవు. కొట్టుకొచ్చిన తల్లులందరికీ పావుకిలో మిఠాయితో పాటు పావుగంట ఉపన్యాసం తూచి ఇచ్చాడు. పిల్లల్ని అదిలించకూడదమ్మా, ఆలోచింపజెయ్యాలి. ఇంటికొచ్చి భార్యకీ అదే చెప్పాడు.

"అరవలేదు. లంచమివ్వలేదు. చూసి నేర్చుకో."

"నేర్చుకుంటున్నాను," అంది ఎవాంథియా.

బుధవారం సాయంత్రం అతను బాత్రూంలోంచి బయటికొచ్చేసరికి గుమ్మంలో లూకియా నిలబడి ఉంది. ఒక చేతిలో ఆటపెట్టెలోని ఇసుక గడియారం, ఇంకో చేతిలో టార్చిలైటు.

"నాన్నా, నోరు తెరువు."

"తోముకున్నానమ్మా."

"నీళ్ళ చప్పుడొచ్చింది. పాట వచ్చింది. బ్రష్షు చప్పుడు రాలేదు."

వంటింట్లోంచి ఎవాంథియా పెద్దగా దగ్గింది. పోలిక ఎటువైపు నుంచి వచ్చిందో అప్పటికి తేలిపోయింది.

థ్రాసో నోరు తెరిచాడు. టార్చి వెలుతురు లోపలికి పోయి, కుడివైపు చివరన ఆగింది.

"అమ్మా," అని పిలిచింది లూకియా. "నాన్న నోట్లో గుహ ఉంది."

దవడపన్ను పుచ్చి పడ్డ ఆ గుహ వయసు నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ థ్రాసో ఎడమవైపే నమిలాడు. చల్లటి నీళ్ళు తల ఒక పక్కకి వాల్చి తాగేవాడు, ఎవరైనా అడిగితే మెడ పట్టిందనేవాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్ళాడు కూడా. లోపల ఇంకెవరికో మిషను గుర్రుమని తిరిగితే, బయట కుర్చీలో ఇతను పక్కనున్న పూలకుండీ మీదికి మూర్ఛపోయాడు. మళ్ళీ ఆ వీధిలోకి వెళ్ళలేదు. చేపలు కొనడానికైనా చుట్టూ తిరిగి వెళ్తాడు.

"గుహ చిన్నదేలే," అన్నాడు.

"నా మచ్చ ఇంకా చిన్నది," అంది లూకియా.

ఆ వెంటనే కూర్చుని, బడిలో కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో ఒక ఉత్తరం రాసింది. 'ఎలుకగారికి. నేను రోజూ తోముకుంటున్నాను. మా నాన్నకి గుహ ఉంది. అయినా నా పన్ను తీసుకుంటారా. లూకియా.' దాన్ని బుట్టలో కిందికి దించితే పొలిక్సేని పిన్నిగారు నిచ్చెనేసుకుని, పెంకు కింద పెట్టి, గులకరాయి బరువు కూడా పెట్టింది.

థ్రాసో భయపడలేదు. ఎలుకని పుట్టించినవాడు తనే కదా, మాట్లాడించడమెంతసేపు? గురువారం పొద్దున కొట్లోంచి ఒక కాగితం చించి, ఎడమచేత్తో వంకరటింకరగా రాశాడు. 'లూకియా పళ్ళు భేషుగ్గా ఉన్నాయి. నాన్నగారిది పెద్దల వ్యవహారం, పట్టించుకోనక్కర్లేదు. ఇట్లు, ఎలుక.' పిన్నిగారి చేతిలో పెట్టాడు. ఆవిడ చదివి, అతని మొహంలోకి చూసి, "ఎలుక చాలా తెలివైనది నాయనా," అని నిచ్చెనెక్కింది.

ఆ సాయంత్రం జవాబు అందుకున్న లూకియా ఎగిరి గంతేసింది. థ్రాసో ఈల వేసుకుంటూ ఎడమవైపుతో రెండు బక్లావాలు నమిలాడు. ఇంకొక్క రోజు ఓపిక పడితే శనివారం. మిఠాయి పెట్టె నిలబడుతుంది, పరువు నిలబడుతుంది.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి లూకియా మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఒళ్ళో సాసరు, సాసరులో పన్ను. చేతిలో కాగితం.

"మళ్ళీ రాసింది," అంది వెక్కుతూ.

థ్రాసో కాగితం తీసుకున్నాడు. తను రాసింది కాదు. అందులో ఇలా ఉంది.

'నిన్నటి ఉత్తరం నాది కాదు. దాని నిండా పాకం మరకలున్నాయి. ఎలుకలు చేతులు కడుక్కుని గాని రాయవు. లూకియా పళ్ళు నాకు నచ్చాయి. కానీ గుహ ఉన్న ఇంటికి కొత్త పన్ను పంపే ఆచారం మాకు లేదు. ముందు ఆ గుహ పూడ్పించండి. ఇట్లు, అసలు ఎలుక.'

కాగితం తిరగేశాడు. వెనకవైపు దీవులకెళ్ళే ఓడల వేళలు అచ్చువేసి ఉన్నాయి. ఎవాంథియా పనిచేసేది రేవులో ఓడ టిక్కెట్ల కౌంటరులో.

నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"ఎలుకకి రేవులో ఉద్యోగమన్నమాట."

"ఎలుకలు రేవులోనే ఎక్కువ," అంది ఎవాంథియా కూరలో గరిట తిప్పుతూ.

"ఇది అన్యాయం. ఎలుక నాది. నా ఎలుకని నా మీదికే తోలతావా?"

"ఇంట్లో అందరివీ అని చెప్పింది నీ ఎలుకే. నాలుగేళ్ళుగా నేను బతిమాలాను, అలిగాను, డాక్టరు కార్డు దిండు కింద పెట్టాను. దిండు మార్చేశావు."

"ఇప్పుడే వెళ్ళి ఎలుకా లేదు, గిలుకా లేదని చెప్పేస్తాను."

"చెప్పు. మెట్ల మీదే ఉంది."

థ్రాసో విసురుగా వెళ్ళాడు. లూకియా తలెత్తింది. కిటికీలాంటి ఆ ఖాళీలోంచి నాలుక కొస బయటపెట్టి, కొత్త పన్ను మొలిచిందేమోనని వెతుక్కుంటోంది.

"నేను రోజూ తోముకున్నాను నాన్నా," అంది. "ఒక్కసారి కూడా పాట పాడలేదు. అయినా నాకు పన్ను రాదు. నీ మూలంగా."

థ్రాసో నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది, గుహ పక్కన.

పక్కన మెట్టు మీద కూలబడి, కాసేపు సాసరులోకి చూశాడు. ఆవగింజంత మచ్చ. ఆరేళ్ళు తను దూరం నుంచి నవ్వుతూ చూసుకున్న శాఖ. తన కొట్టు పాకం, తన ఇంటి పాట.

"పోనీ సోమవారం వెళ్తాలే," అన్నాడు నీరసంగా. "రేపు శనివారం, డాక్టర్లుండరు."

"నువ్వు మూర్ఛపోయిన ఆ పూలకుండీ డాక్టరు మా మేనల్లుడే నాయనా, ఉంటాడు," అంది కింద గోడవతల నుంచి పొలిక్సేని పిన్నిగారు. ఆవిడ ఎంతసేపటినుంచి అక్కడ గింజలు ఒలుస్తోందో ఎవరికీ తెలియదు. "నీకోసమే తెరుస్తానన్నాడు. బంగారంలాంటి చెయ్యి. నా పళ్ళన్నీ వాడే పీకాడు."

థ్రాసో మొహం పెరుగులా తెల్లబడింది. "ఎప్పుడు చెప్పారు మీరు వాడికి?"

"ఆదివారమే. మీ ఆవిడ ఆ నారింజపండు తొక్కలు నా కోళ్ళకి తెచ్చినప్పుడు."

థ్రాసో మెల్లిగా తల తిప్పాడు. వంటింటి గుమ్మంలో ఎవాంథియా గరిటతో నిలబడి ఉంది. నవ్వు ఆపుకుంటుంటే ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. పెళ్ళికి ముందు ఆ సొట్ట కోసమే అతను రోజూ అక్కర్లేని ఓడలకి టిక్కెట్లు కొనేవాడు. ఇప్పుడూ అదే చేస్తున్నట్టనిపించింది.

"వెళ్తావా?" అంది.

"వెళ్తాను," అన్నాడు. అతనికే వినబడలేదు.

లూకియాకు వినబడింది. కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. సాసరు తండ్రి చేతికిచ్చి, తల్లి మాట్లాడేటట్టే నడుమ్మీద చెయ్యి పెట్టుకుంది.

"అయితే రేపు తొమ్మిదింటికి అందరం వెళ్తున్నాం. నేను నాన్న చెయ్యి పట్టుకుంటాను. అమ్మ పూలకుండీ దూరంగా జరుపుతుంది. గుహ పూడ్చాక తిన్నగా ఇంటికొచ్చి ఎలుకకి పన్ను ఇద్దాం, ఈసారి విసరొద్దు, పక్కింటి మామ్మగారు నిచ్చెనెక్కి పెంకు కింద పెడతారు." ఒక్క క్షణం ఆలోచించి, తండ్రి వైపు వేలు చూపించింది. "నాన్నా, అక్కడ అరవడాలు లేవు. మిఠాయి లంచాలు లేవు."